ఆ ఇంటి పిల్లల ఫోటో

పెళ్ళయిన ఏడాది క్రిస్మస్‌కు మొదటిసారి భద్రాచలంలోని అత్తవారింటికి వెళ్ళాను. ఖమ్మంలో ఒకే కోచింగ్ కాలేజీలో ఆయన ఫిజిక్స్, నేను బోటనీ చెప్పేవాళ్ళం. వాళ్ళు క్రైస్తవులు. మాది వేంసూరు దగ్గర వ్యవసాయం చేసుకునే ఇల్లు. రిజిస్టర్ పెళ్ళి చేసుకున్నామని తెలిసిన రోజు నుంచి మా నాన్న నా పేరెత్తడం మానేశాడు. ఆయన తల్లి మాత్రం, "అయిందేదో అయింది, పండుగకు పిల్లను తోల్కరా" అని కబురు పెట్టింది.

మేం ఆటో దిగేసరికి అందరూ గేటు దగ్గరే ఉన్నారు. అత్తమ్మ ముందు కొడుకు చెంపలు తడిమి, ఆ చేతులతోనే నన్ను దగ్గరికి తీసుకుంది. ఆయన అక్క, అంటే మా వదిన, దవాఖానాలో నర్సు. ఆమె తమ్ముడి నెత్తి మీద ఒకటి మొట్టి, "ఎట్ల ఎండిపోయిండో చూడు" అంది. నావైపు చూడకుండానే అంది. ఆయన చెల్లెలు అప్పటికే ఆయన బ్యాగు తెరిచి తనకేం తెచ్చాడో వెతుకుతోంది.

ఖమ్మంలో మా ఇంట్లో ఆయన పొద్దున పూట మాట్లాడడు. ఇక్కడ పళ్ళు తోముకుంటూ కూడా పాడుతున్నాడు. ఒక లైను ఆయన ఎత్తుకుంటే వంటింట్లోంచి వదిన అందుకునేది, స్నానాల గదిలోంచి చెల్లెలు. ఎవరో ఒకరు సగం మాట అనగానే ముగ్గురూ పడీపడీ నవ్వేవాళ్ళు. ఎందుకు నవ్వుతున్నారని అడిగితే, "అది చెప్తే అర్థం కాదులే" అనేవాడు. నేనూ నవ్వు మొహం పెట్టుకుని వెల్లుల్లి ఒలుస్తూ కూర్చున్నాను.

పండుగ ముందు రోజు కోడి కోశారు. వదిన కార్జం ఏరి విడిగా వేయించి, గిన్నెతో తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన మొత్తం తినేశాడు. పెళ్ళయిన కొత్తలో నాతో మాత్రం కార్జం వాసనే పడదన్నాడు. ఆ మాట నమ్మి నేను కాపురం పెట్టిన నాటి నుంచి దాన్ని పారేయిస్తున్నాను.

"నువ్వు తినవుగా?" అన్నాను.

"అక్క వండితే తింటా" అన్నాడు, గిన్నె తుడుచుకుంటూ.

అంతే అన్నాడు.

క్రిస్మస్ పొద్దున ఆరాధన అయ్యాక అందరం కొత్త బట్టల్లో బజారుకు నడిచాం. ఏటా ఆ రోజు స్టూడియోలో ఫోటో దిగడం వాళ్ళ అలవాటు. మామయ్య, అత్తమ్మ కుర్చీల్లో, వెనక ముగ్గురు పిల్లలు. లోపలికి వెళ్తూ ఆయన తన చేతిలోని సంచులు నాకు ఇచ్చాడు. వదిన తన హ్యాండ్‌బ్యాగు కూడా వాటి మీద పెట్టింది.

ఫోటోగ్రాఫర్ నన్ను చూసి, "కోడలుగారు రారా?" అన్నాడు.

"ముందు మా పిల్లలది కానీయ్. తర్వాత అందరం దిగుతం" అంది అత్తమ్మ. ఆమె మనసులో ఏ చెడూ లేదు. అయినా 'మా పిల్లలు' అన్న మాట నాకు గుచ్చుకుంది.

వదిన భర్త నా పక్కన బెంచీ మీద పల్లీలు తింటున్నాడు. "కూసో చెల్లె" అన్నాడు. "వాళ్ళు ముగ్గురు ఒక్కకాడ కూడితే నేను గూడ బయటోన్నే. నాకైతే అలవాటయింది."

నాకు అలవాటు చేసుకోవాలనిపించలేదు. సంచులు వదిన భర్తకు అప్పగించి, పక్కనే ఉన్న ఎస్టీడీ బూత్‌లోకి వెళ్ళి వేంసూరుకు ఫోన్ చేశాను. అమ్మే ఎత్తింది.

"అమ్మా, నేను."

చాలా మెల్లగా, "తిన్నావా?" అంది. నేను బదులు చెప్పేలోపే వెనక నుంచి నాన్న గొంతు ఏదో అడిగింది. ఏమన్నాడో వినపడలేదు.

"రాంగ్ నంబరండీ" అని అమ్మ పెట్టేసింది.

బయటికొస్తే వదిన ఎదురుగా నిలబడి ఉంది. "అందరం నీకోసమే చూస్తున్నం" అని, నా మొహం చూసి ఆగింది. "ఇంటికి చేసినవా?"

తలూపాను.

ఆమె తన కొంగుతోనే నా కళ్ళు తుడిచింది, వార్డులో పేషెంటుకు తుడిచినంత గట్టిగా. "నీ మీద నాకు మస్తు కోపముండె" అంది. "వాడు చెడ్డీలేసుకున్నప్పటి నుంచి ఏదున్నా ముందు నాకే చెప్పెటోడు. పెండ్లి ముచ్చట మాత్రం అయినంక చెప్పిండు. నిన్ను చూసినప్పుడల్లా గదే యాదికొస్తది."

"ఇప్పుడూ ఉందా?" అన్నాను.

"అవ్, ఉంది" అంది. "రా, మేకప్ కరిగిపోతది."

అందరితో ఫోటో దిగాం. వదిన నా మణికట్టు పట్టుకుని తన పక్కనే నిలబెట్టుకుంది.

తిరుగు ప్రయాణంలో బస్సు గోదావరి బ్రిడ్జి దాటాక ఆయనతో అన్నాను, మీ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నాకు కుళ్ళుగా అనిపించిందని. ఆయన నవ్వాడు.

"అక్క మీదనా?"

"నీ మీద."

నవ్వు ఆపేశాడు. పాల్వంచ వచ్చేదాకా కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు.

తర్వాతి ఆదివారం నాకు చెప్పకుండా ఒక్కడే వేంసూరు వెళ్ళొచ్చాడు. నాన్న లోపలికి రమ్మనలేదట. గేటు దగ్గరే నిలబెట్టి, ఏ బస్సుకొచ్చావు, తిరిగి వెళ్ళడానికి బస్సుందా అని అడిగాడట. అమ్మ మజ్జిగ తెచ్చి ఇస్తే నాన్న వద్దనలేదట.

"నా గురించి ఏమైనా అడిగాడా?"

"లేదు. పోయేటప్పుడు మాత్రం, జాగ్రత్త అన్నడు."

సంతోషించాల్సిన మాటే. కానీ ఆ రోజంతా నాకు ఆయన మీద ఒకటే అసూయ. పెళ్ళి తర్వాత మా నాన్న నోటి వెంట 'జాగ్రత్త' అన్న మాట నాకంటే ముందు ఆయన విన్నాడు.