పసుపు దుమ్ములో పహరా

మార్కెట్ గేటు కావలి కాసే మా హవల్దార్ సాబు తెల్లవారుజామున పోయారని హమాలీ ఒకడు వచ్చి చెప్పినప్పుడు నేను దబ్బనంలో సుతిలి ఎక్కిస్తున్నాను. చేతిలో ఉన్న సంచి మూతి కుట్టడం పూర్తి చేసి, అప్పుడు లేచాను. ఆయన ఉంటే మెచ్చుకునేవారు. డ్యూటీ నడుమ కబురొస్తే, దిగాకనే ఏడవాలనేది ఆయన మాట.

నా సంగతి కొంచెం చెప్పాలి. ఆర్మూర్ పసుపు మార్కెట్ గేటు పక్కన గోనెసంచులు కుట్టి బతికినవాణ్ణి. బడి గడప తొక్కలేదు. సంచుల మీద అచ్చువేసిన అక్షరాలు చూసి చూసి చదువు నేర్చుకున్నాను. అందుకే నాకు మొదట వచ్చిన మాటలు అమ్మ, ఆవు కావు, 'నికర బరువు'. ఈ చదువుతో తర్వాత పని పడుతుంది, గుర్తుంచుకోండి.

హవల్దార్ సాబు ఎనభైల మొదట్లో పెన్షన్ మీద వచ్చి గేటు దగ్గర చేరారు. ఫౌజులో ఉండగా కొన్నేళ్లు ఢిల్లీలో అమర జవాన్ జ్యోతి దగ్గర పహరా నిలబడ్డారు. మధ్యాహ్నం చాయ్ తాగుతూ ఆయన ఆ ముచ్చట తీస్తే నా దబ్బనం ఆగిపోయేది. పెద్ద రాతి కమాను కింద నల్లరాతి గద్దె. దాని మీద మొన కిందికి నిలిపిన తుపాకీ, తుపాకీ మీద ఇనుప టోపీ. పక్కన ఆరని మంట. దాన్ని చూసుకునే మనిషి ఆ కమాను కిందే చిన్న గదిలో ఉంటాడు. పూలదండలు పెట్టే రోజు 'శోక్ శస్త్ర్' అని హుకుం వస్తే, సిపాయిలు తుపాకీ మొన నేలకు తిప్పి తల వంచాలి. మిగతా రోజుల్లో కదలకపోవడమే పని. చెమట కంట్లోకి దిగినా తుడుచుకోకూడదు. చూడవచ్చిన పిల్లలు ముఖం ముందు చేతులాడించినా కన్ను ఆర్పవచ్చు గాని తిప్పకూడదు.

మరి ఈగ వాలితే, అని అడిగాను. నాకు ఇలాంటి సందేహాలే వస్తాయి.

"ఈగకు గూడ తెలుస్తది. జరసేపు కూసుంటది, రాయి అనుకోని పోతది" అన్నారు.

ఆ రోజు ఇంట్లో గోడకెదురుగా నేనూ నిలబడి చూశాను. వంద లెక్కపెట్టేలోపు ముక్కు, వీపు, చెవి వెనక, అన్నీ ఒకేసారి దురద పెట్టాయి. నా భార్య వచ్చి పెయ్యి బాగలేదా, జరమొచ్చిందా అని అడిగింది.

ఆయన ఒక్కసారే చెప్పిన సంగతి ఒకటుంది. ఒక ఎండపూట ఆయన పహరాలో ఉండగా, చంకలో మూటతో ఒక ముసలమ్మ వచ్చింది. మన దిక్కు మనిషే. లడాయిలో పోయిన కొడుకు పేరు ఎక్కడ రాశారో చూపించమని కనిపించిన వాళ్లనల్లా తెలుగులో అడుగుతోంది. ఎవరికీ అర్థం కాలేదు. అర్థమైనవాడు ఒక్కడే, నాలుగడుగుల దూరంలో కదలకుండా నిలబడి ఉన్నాడు. కమాను మీద ఉన్నవి ఎప్పటివో పాత యుద్ధాల్లో పోయినవాళ్ల పేర్లు. ఆమె కొడుకు పేరు అక్కడ లేదు, కానీ ఆ మంట అతనిది కూడా. ఆ ఒక్క మాట చాలు. చెప్పలేదు. ఆమె ఆయన ముఖంలోకి చూసి కూడా అడిగింది. చెవుడనుకుందో ఏమో, వెళ్లిపోయింది. వంతు దిగాక బస్సులు ఆగేచోటి దాకా వెతికారట. దొరకలేదు.

"డ్యూటీ తప్పలే" అన్నారు. కాసేపాగి, "గదే నన్ను తింటున్నది" అన్నారు.

తొంభైల్లో, మా మార్కెట్‌లోనే మూటలు మోసి ఫౌజులో చేరిన భీమ్‌గల్ దిక్కు పిల్లవాడొకడు సరిహద్దులో చనిపోయాడు. హమాలీలు గేటు లోపల ఒక రాయి నిలబెట్టి అతని పేరు చెక్కించారు. ఏటా అతను పోయిన రోజున పహరా నాదే అన్నారు హవల్దార్ సాబు. ఆ రోజు శివరాత్రి దాటిన వారంలో వస్తుంది. కొమ్ముల రాశులు పోసే కాలం, పీల్చే గాలి కూడా పసుపే.

తుపాకీ లేదు కాబట్టి కావలి కట్టెనే తిరగేసి పట్టుకుంటానన్నారు. కట్టెకు తల ఏది, తోక ఏది అని ఎగతాళి చేశాను. ఇనుప పొన్ను ఉన్న కొస రోజూ కిందికుంటుంది, రేపు పైకుంటుంది అని నెమ్మదిగా చెప్పారు.

మరునాడు పాత యూనిఫారంలో, అద్దాల్లాంటి బూట్లతో ఆ రాయి పక్కన పరిచిన బండ మీద నిలబడ్డారు. చుట్టూ చేరిన మేమంతా తుమ్ముతున్నాం. ఆయన మీసాల మీద, భుజాల మీద పసుపు పేరుకుంటోంది, రెప్ప తప్ప ఏదీ కదలదు. చూస్తూ చూస్తూ ఉండగా అక్కడ ఒక రాయి కాదు, రెండున్నాయనిపించింది. నవ్వుదామని వచ్చిన దళారులు చెప్పులు విడిచి నిలబడ్డారు. ఎన్నో గుళ్లు తిరిగాను, ఒళ్లు అలా జలదరించింది లేదు.

అప్పుడే ఆ పిల్లవాడి తల్లి భీమ్‌గల్ బస్సు దిగి వచ్చింది. చదువు రాదు. రాయిని తడిమి, తలెత్తి ఆయన ముఖంలోకి చూసింది.

"అన్నా, నా కొడుకు పేరు యాడ రాసిండ్రు?"

ఢిల్లీ సంగతి ఆ గుంపులో నాకొక్కడికే తెలుసు. ఆయన దవడ ఒకసారి బిగిసింది. తర్వాత కట్టె పక్కన పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని, ఆమె చూపుడువేలు పట్టుకుని ఒక్కో అక్షరం మీదా నడిపిస్తూ చదివారు.

"గీడికెల్లి గీడిదాంక నీ కొడుకే, చెల్లే."

లేచారు. బండ మీది దుమ్ములో ఆయన పాదాలున్న మేర రెండు నల్లటి గుర్తులు మిగిలాయి. బూట్లు సరిగ్గా వాటిలోనే పెట్టి మళ్లీ రాయైపోయారు.

సాయంత్రం, పహరా తప్పింది గదా సాబ్ అన్నాను. తప్పింది అన్నారు. అని, ఇంకో చాయ్ అడిగారు. ఆయన రెండో చాయ్ అడగడం నేను చూసింది ఆ రోజే.

అప్పటినుంచి ఏటా ఆమె అడిగేది, ఆయన మోకరిల్లి చదివేవారు. అది కూడా పహరాలో భాగమైంది.

ఈ ఏడు ఆ రోజు వచ్చేసరికి ఆయన పోయి ఇరవై రోజులు. ఆమెకు కబురు చెప్పినవాళ్లు లేరు. బస్సు దిగి వచ్చి, అన్న ఏడి అని నన్ను అడిగింది. చెప్పాను. ఆమె రాయి ముందు కూర్చుని, ఊరికే వేలు చాచింది. ఆ వేలు పట్టుకుని, సంచుల మీద నేర్చిన చదువుతో నేను చదివాను. నడుమ ఒకచోట నా చదువు ఆగింది. వేలు కూడా అక్కడే ఆగి, నాకోసం చూసింది.

ఆమె వెళ్లాక గమనించాను. ఆయన నిలబడే బండ మీద పసుపు సమంగా పరుచుకుని ఉంది, ఒక్క అడుగు గుర్తు లేదు. మూటలు తూచే కాంటాకు అడ్డదారి దాని మీదుగానే. అయినా వీపున మూటతో వచ్చే హమాలీలు అక్కడికి రాగానే, మనిషి నిలబడి ఉన్నట్టే, ఒక్కొక్కరూ పక్కకు తిరిగి పోతున్నారు.