అమోనియా నెత్తిమీది రెండు

కెమిస్ట్రీ నా బుర్రకెక్కకపోతేనేం, ముక్కుకెక్కింది. ఇంటర్ మొదటి ఏడాది సగంలోనే చదువు నన్ను వదిలించుకుని ఊపిరి పీల్చుకుంది గానీ, నేను పనిచేసే మొగల్తూరు ఐసు ఫ్యాక్టరీలో పైపు కాస్త కారి అమోనియా గుప్పుమన్నప్పుడల్లా, కళ్ల నిండా నీళ్లతో మళ్లీ ఆ క్లాసులో బోర్డు పక్కన నిలబడి ఉంటాను.

అలా నిలబడటం నాకు పడిన శిక్ష. మాస్టారి సుద్దముక్కల డబ్బాలో బతికున్న పీతను పెట్టాను మరి. "ఇంకొక్క వేషం వేశావంటే టీసీ చేతిలో పెడతాను" అన్నారాయన. కోతల రోజులు, కిటికీలోంచి వరి పనల వాసన, ఎక్కడో ట్రాక్టరు మోత. సమతాస్థితి స్థిరాంకం కట్టమని మాస్టారు కరుణను పిలిచారు. వాళ్లమ్మ ఊడ్పులకూ కోతలకూ కూలికెళ్లేది. క్లాసులో చేయెత్తే పిల్ల కరుణ ఒక్కతే. పైన అమోనియా, దాని నెత్తిన చిన్న రెండు. కింద నైట్రోజన్, పక్కనే హైడ్రోజన్, దాని నెత్తిన మూడు. ముత్యాల్లా రాసి, అంకెల కోసం, పుస్తకంలో తలదూర్చిన మాస్టారి వైపు తిరిగింది. నా వేలు ఊరుకోలేదు. ఆ చిన్న రెండుని తుడిచేశాను.

లీటరు పాత్రలో చివరికి నైట్రోజన్ ఒక మోల్, హైడ్రోజన్ రెండు, అమోనియా నాలుగు అన్నారు మాస్టారు. పైన నాలుగు నాలుగుల పదహారు, కింద రెండుని మూడుసార్లు హెచ్చిస్తే ఎనిమిది, జవాబు రెండు రావాలి. బోర్డు మీదున్నదే తను రాసిందని నమ్ముకుని వేసుకుపోయిన కరుణకు పైన నాలుగే మిగిలి, అర వచ్చింది.

"పైన రెండేదమ్మా?"

"రాశానండి."

"రాస్తే ఏమైపోయింది? గ్యాసు కదా, ఎగిరిపోయిందా?"

క్లాసంతా నవ్వింది, అందరికంటే గట్టిగా నేను. కరుణ ఒక్కసారి నావైపు చూసి, వెళ్లి కూర్చుంది. ఆ తర్వాత నేనున్నన్నాళ్లూ మళ్లీ చేయెత్తలేదు. క్రిస్మస్‌కి వాళ్లమ్మ వండిన గులాబీ పువ్వులు, కరకరలాడుతూ కొబ్బరినూనె వాసన వేసేవి, పాలడబ్బా నిండా తెచ్చి అందరికీ పంచుతూ నా చేతిలోనూ రెండు పెట్టింది. నాలుక చివరిదాకా వచ్చిన నిజాన్ని, టీసీ భయంతో, ఆ పువ్వుతో పాటే మింగేశాను. నెల తిరక్కుండా ఐసు దిమ్మలు మోసే పని దొరికి, ఎవరూ పొమ్మనకుండానే కాలేజీ మానేశాను.

కిందటి వారం మా ఫ్యాక్టరీ చూపించడానికి పిల్లల్ని వెంటబెట్టుకుని ఒక లెక్చరర్ గారొచ్చారు. కరుణే. ఇప్పుడు నల్లబోర్డులు లేవట, తెర మీద వేలితో రాస్తారట, సుద్దపొడి ఎలా ఉంటుందో ఆ పిల్లలకు తెలియదట. పిల్లలు కంప్రెసర్ దగ్గరికి వెళ్లాక, ఇన్నేళ్లూ గొంతులో ఉన్నది కక్కేశాను. "మేడం గారూ, ఆ రోజు రెండు ఎగిరిపోలేదండి. నేనే తుడిచాను."

"మీ వేలికున్న సుద్ద అప్పుడే చూశానండి సత్తిబాబు గారూ. చెబితే మీ చదువు పోతుందని నోరు మూసుకున్నాను. తీరా మీరే మానేసి, నేను మాటపడిందంతా దండగ చేశారు కదండీ!"