తొమ్మిది సెకన్లు చూసి ఆపించిన దెయ్యం సినిమా

కార్తీక్, లాస్యా, ఆ ఆదివారం మీ చేతిలోంచి ట్యాబ్ లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేసిన సంగతి మీకు గుర్తే. గురువారం నేను వంటింట్లో ఏడుస్తుంటే "ఏమైందమ్మా?" అని అడిగారు. "ఉల్లిపాయలు" అన్నాను. ఆ రోజు మనం తిన్నది పెరుగన్నం. మంచి పిల్లలు కాబట్టి మీరింకేమీ అడగలేదు. ఆదివారానికీ గురువారానికీ మధ్య మీ అమ్మ చేసిన ఘనకార్యం మీకెవరూ చెప్పలేదు. మీ నాన్నకి తెలుసు గానీ ఆయన చెప్పరు. నేనే చెప్తా, వినండి. నవ్వొస్తే నవ్వండి.

నా సంగతి మీకు తెలిసిందేగా. బిస్కెట్ ప్యాకెట్ వెనక ఉన్న చిన్న అక్షరాలన్నీ చదివితే గానీ మీ చేతికివ్వను. ఊరు కాని ఊరు, భాష కాని భాష. ఈ సాత్నాలో, సిమెంట్ ఫ్యాక్టరీ క్వార్టర్స్‌లో, మీరు తప్పు చేస్తే "ఒరేయ్, ఎవరి పిల్లలురా మీరు" అని ఆపే మనిషి ఒక్కడు లేడు. మన ఊరు నందిగామలో అయితే బస్టాండు నుంచి ఇంటికొచ్చేలోపు నలుగురు ఆపేవాళ్ళు. ఆ నలుగురి పనీ ఇక్కడ నేనే చేయాలనుకుంటాను. అదే నా జబ్బు.

ఆ రోజు మధ్యాహ్నం మీరిద్దరూ, పక్కింటి మిశ్రాగారి అబ్బాయీ మంచం మీద దొర్లి దొర్లి నవ్వుతున్నారు. పిల్లలు అంతలా నవ్వుతున్నారంటే ఏదో కొంప మునుగుతున్నట్టే అని నా నమ్మకం. వెనకనుంచి తొంగి చూశా. తెల్లటి రాళ్ళ గుంట. గుబురు గడ్డం ఆయనెవరో వెల్లకిలా పడి ఉన్నాడు. నోట్లోంచి ఎర్రగా కారుతోంది. కింద పేరు చూస్తే 'రక్తమోహిని రాత్రి దాహం, ఫుల్ మూవీ'. పక్కన బొమ్మలో తడిచీరలో ఒక అమ్మాయి. అంతే! కళ్ళు గట్టిగా మూసుకున్నా. మూసుకునే ట్యాబ్ లాక్కున్నా. మొత్తం మీద నేను చూసింది తొమ్మిది సెకన్లుంటుందేమో.

"అమ్మా, అది కామెడీ అమ్మా! భయం కాదు!" అన్నావు కార్తీక్.

"నోట్లో రక్తం కారుతుంటే కామెడీ ఏంట్రా?"

"అది రక్తం కాదు, ఒకసారి సరిగ్గా చూడు..."

"నేను చూడను!"

ఎంత గట్టిగా అన్నానో! ఆ ఒక్క మాట వెనక్కి తీసుకోగలిగితే బావుండునని ఇప్పుడు రోజూ అనుకుంటున్నా.

ట్యాబ్ లాక్కుని ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? ఆ యాప్‌లో కంప్లైంట్ ఎలా ఇవ్వాలో అరగంట కూర్చుని నేర్చుకున్నా. 'హింస' నొక్కా. 'అశ్లీలం' నొక్కా. 'పిల్లలకు హానికరం' కూడా నొక్కా. అక్కడితో ఆగానా? మన బ్లాక్ తల్లుల వాట్సాప్ గ్రూపులో స్క్రీన్‌షాట్లు పెట్టా. ఎక్కడ నొక్కాలో ఎర్ర బాణం గుర్తులు కూడా గీశా. ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేశా. సాయంత్రానికి ఇరవై ఏడు మంది "డన్ దీదీ" అన్నారు. మిశ్రాగారి అత్తగారికి ఫోన్ వాడటం రాదు. ఆవిడ చేత కూడా కోడలు నొక్కించిందట.

మంగళవారం మెయిల్ వచ్చింది. ఆ వీడియో తీసేశారు. వీడియో ఏమిటి, ఆ చానెలే ఎత్తేశారు. నాలాంటి బాధ్యత గలవాళ్ళ వల్లే అందరూ క్షేమంగా ఉంటున్నారని నాకు థాంక్స్ కూడా చెప్పారు. మీ నాన్నకి చూపించా.

"సమాజం బాగుపడింది కదా, ఇక టీ పెడతావా?" అన్నారు ఆయన.

గురువారం నందిగామ నుంచి మీ పద్మత్త ఫోన్ చేసింది. మా అన్నయ్య భార్య. అన్నయ్య పోయిన దగ్గర్నుంచీ, అంటే నాలుగేళ్ళుగా, వదిన ఏ సాయమూ అడిగిన మనిషి కాదు.

"సునీతా, కార్తీక్ ఉన్నాడా? వాడికి ఈ ఫోన్ల సంగతులు బాగా తెలుసుగా. మీ అన్నయ్య సినిమా రెండ్రోజుల్నుంచి రావట్లేదమ్మా. సిరి అన్నం తినటం లేదు. ఒకసారి చూడమని చెప్పవా?"

"ఏ సినిమా వదినా?"

"అదేనమ్మా, జగ్గయ్యపేట క్వారీలో తీశారే. మీ అన్నయ్య పెట్టిన పేరు 'క్వారీలో ఎవరు?' ఎవరో సీడీలోంచి తీసి, వాళ్ళకి తోచిన పేరూ, వేరే ఏదో సినిమా బొమ్మా పెట్టి ఎక్కించారు. నాకు చెప్పడానికే సిగ్గు. ఏదో రక్తమోహిని..."

నేను పొయ్యి ఆపేశా. పొయ్యి మీద ఏమీ లేదు. అయినా ఆపేశా.

మీ మామయ్య గురించి మీకు తెలిసింది చాలా తక్కువ. నందిగామ గాంధీ సెంటర్ పక్క సందులో ఆయన వీడియో షాపు. చుట్టుపక్కల ఊళ్ళలో ఇరవై ఏళ్ళ పాటు పెళ్ళంటే మా సాంబన్నయ్యే. "అమ్మా, తల కొంచెం ఎత్తు తల్లీ. బాబాయ్‌గారూ, మీరు కాస్త పక్కకి. నవ్వాలి, నవ్వాలి!" ఈ గొంతు మీకు ఆ ఊళ్ళలో ఏ పెళ్ళి సీడీలోనైనా వినిపిస్తుంది. మనిషి మాత్రం ఎక్కడా కనిపించడు. కెమెరా వెనక ఉన్నవాణ్ణి ఎవరు తీస్తారు? సొంత పెళ్ళిలో కూడా ముహూర్తానికి ముందు లేచెళ్ళి కెమెరా సరిచేసి వచ్చాడు! ఫోన్లు వచ్చాక కూడా ఫోన్ ఎప్పుడూ ఆయన చేతిలోనే. ఫోటోలు ఓ నాలుగుంటాయి. కదిలే మామయ్య ఒక్క ఆ సినిమాలోనే ఉన్నాడు. ఆ గుబురు గడ్డం ఆయన మీ మామయ్య. ఆయన పోయేటప్పటికి కూతురు సిరికి ఐదేళ్ళు. రోజూ బడికి వెళ్ళేముందు అది నాన్నని చూసి వెళ్ళేదట.

వదినకి ఆ రోజు నేను ఏమీ చెప్పలేదు. "కార్తీక్‌తో చూయిస్తా వదినా" అన్నా. అబద్ధం ఆడకూడదని మీకు రోజూ పాఠం చెప్పే నోటితోనే అన్నా.

ఇక మొదలైంది నా పరుగు. ఆ వీడియో మళ్ళీ పెట్టమని అర్జీ రాశా. మా నిర్ణయం సరైనదే అని జవాబు. ఇంకోటి రాశా, అది మంచి సినిమా అని. "పిల్లలకు హానికరం" అన్న మెయిల్ నుంచే రాశా! నన్ను చూసి ఆ కంప్యూటర్ కూడా నవ్వుకుని ఉంటుంది. అప్పుడు గుర్తొచ్చింది. పద్నాలుగేళ్ళ కిందట అన్నయ్య ఆ సినిమా సీడీ నాకొకటి పంపాడు. పైన స్కెచ్ పెన్నుతో 'చెల్లికి' అని రాసి ఉంది. దెయ్యం సినిమా అని పెట్టెలో అడుగున పెట్టా. మీరు పుట్టాక, ట్రాన్స్‌ఫర్ మీద ఇక్కడికొచ్చేటప్పుడు, మీ కంట పడుతుందేమో అని రెండు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేశా. ఏ పనైనా పూర్తిగా చేస్తానుగా నేను!

మూడో రోజుకి ఉండబట్టలేక వదినకి ఫోన్ చేశా. ఒరిజినల్ క్యాసెట్లు ఉన్నాయేమో అడిగా.

"అవెక్కడివమ్మా! వాటి మీదే మక్కపేట వాళ్ళ పెళ్ళి ఎక్కించారు. పాత టేపుల మీద కొత్త పెళ్ళిళ్ళు తీసేవారుగా," అంది. "ఇంట్లో ఉన్న ఒక్క సీడీ గీతలు పడి ఎప్పుడో ఆగిపోయింది."

అప్పుడు చెప్పేశా. బాణం గుర్తులతో సహా చెప్పా. తిడితే బావుండునని ఎదురుచూశా. వదిన మాత్రం, "బూతని కంప్లైంట్ ఇచ్చావా?" అంది.

"ఇచ్చా వదినా."

"ఆ సినిమాలో బూతు ఎందుకు లేదో నీకు తెలుసా?"

తెలీదు. ఆ రోజే తెలిసింది. వదిన ఆ షూటింగ్‌లో ఉంది. క్యారియర్లు మోసింది, ఎండని మొహాల మీదకి కొట్టడానికి థర్మోకోల్ షీటు పట్టుకుని నిలబడింది. లైట్లు లేక దెయ్యాన్ని మిట్టమధ్యాహ్నం తీశారట. తెల్లటి సున్నపురాయి మీద తెల్లచీర దెయ్యం, కనపడితే ఒట్టు! పెళ్ళి వీడియోల మిక్సింగే దానికీ వాడారు. దెయ్యం వచ్చినప్పుడల్లా తాళి కట్టేటప్పుడు పడినట్టు తెర మీద పూలవాన పడుతుంది. మాంత్రికుడిగా చెవిటికల్లు నుంచి వచ్చిన నాటకాలాయన రాగం తీయకుండా మంత్రం చదవనని పట్టుపట్టాడట. రక్తమా? పసుపులో సున్నం కలిపిన ఎర్రనీళ్ళు. పెళ్ళికూతురికి దిష్టి తీస్తారే, అవే.

ఇలాంటి సినిమాలు రెండు రకాల వాళ్ళు చూస్తారని అన్నయ్య అనేవాడట. నవ్వుకోవడానికొచ్చే వాళ్ళు ఒక రకం. తడిచీర కోసం వచ్చేవాళ్ళు ఇంకో రకం. భయపడటానికి ఎవరూ రారు. పెట్టుబడి పెట్టినాయనకి రెండో రకం కావాలి. విజయవాడ నుంచి వచ్చిన హీరోయిన్ పిల్లని క్వారీ గుంటలో నీళ్ళలోకి దిగమన్నారు. పుష్యమాసం పొద్దున. ఆ పిల్ల వణికిపోతోంది. వాళ్ళమ్మ రాయి మీద తల దించుకుని కూర్చుంది. అన్నయ్య కెమెరాలోంచి చూశాడు. చూసి, లెన్స్‌కి మూత పెట్టేశాడు.

"పైకొచ్చెయ్ తల్లీ. పొడి బట్టలు కట్టుకుని ఎండలో కూర్చో."

"అదేంటి సాంబా! అది లేకపోతే ఎవడు చూస్తాడయ్యా మన సినిమా?" అన్నాడట పెట్టుబడిదారు.

"నేను పెళ్ళిళ్ళు తీసేవాణ్ణండీ. రేపు ఈ పిల్ల పెళ్ళికి నన్నే పిలిస్తే, ఏ మొహం పెట్టుకుని తల ఎత్తమ్మా అనను?"

ఆయన కారెక్కి వెళ్ళిపోయాడు. సీడీ నిండటానికి ఇంకో పదకొండు నిమిషాలు తక్కువ. మిగిలింది ఒక్క టేపు. అన్నయ్య నాటకాలాయన గడ్డం తీసుకుని తను తగిలించుకున్నాడు. "పద్మా, కెమెరా ఆన్ చేసి వదిలెయ్. నేనే చస్తా," అన్నాడు. క్వారీ కాపలావాడి వేషంలో పదకొండు నిమిషాల పాటు చచ్చాడు. పడతాడు, లేస్తాడు, దాహం అంటాడు, మళ్ళీ పడతాడు. మధ్యలో ఎవరిదో మేక వచ్చి, పక్కన ఆరేసిన హీరోయిన్ చీర నమలబోయింది. చనిపోతున్న మనిషి లేచి, "హేయ్! హేయ్! పో, నీయమ్మ!" అని తోలి, గడ్డం సర్దుకుని, మళ్ళీ పడుకుని ప్రాణం వదిలాడు. రెండోసారి తీయడానికి టేపు లేదు. అలాగే ఉంచేశారు.

"సిరి చూసేది ఆ మేక ముక్కే," అంది వదిన. "మిగతాదంతా యాక్టింగ్ అంటది. అది మాత్రం మా నాన్న అంటది."

పెద్ద సినిమాల్లో అయితే ఆ ముక్క కత్తిరించేసేవాళ్ళు. టేపుకి గతిలేని సినిమా కాబట్టి మనిషి మిగిలాడు. ఇవన్నీ ఇప్పుడు ఆలోచిస్తున్నా. ఆలోచించాల్సిన ఆదివారం నాడు బాణం గుర్తులు గీశా.

నాకు ఏడుపు ఆగలేదు. "క్షమించు వదినా. తొమ్మిది సెకన్లకి మించి చూడలేకపోయా. భయమేసి కళ్ళు మూసుకున్నా," అన్నా.

"ఏమన్నావ్? భయమేసిందా? నిజంగా?"

"ఒళ్ళు జలదరించింది వదినా."

అవతల ఏదో శబ్దం. ఏడుస్తోందనుకున్నా. నవ్వుతోంది! నాలుగేళ్ళ తర్వాత వదిన నవ్వు విన్నాను. "అయ్యో సునీతా! ఆయన వింటే ఎంత పొంగిపోయేవారో! ఆ సినిమా చూసి భయపడ్డ మనిషివి ప్రపంచంలో నువ్వొక్కదానివే!" అంది. అని, నవ్వు మధ్యలోనే ఏడ్చేసింది.

ఆ మర్నాడు సాయంత్రం బట్టలు తీయడానికి డాబా మీదకి వెళ్తూ మెట్ల మీద ఆగిపోయా. పైన కార్తీక్, నువ్వు నేల మీద పడి "దాహం... దాహం..." అంటున్నావు. లాస్యా, నువ్వు చున్నీ నములుతూ మేకవయ్యావు. మిశ్రాగారి అబ్బాయి "బక్రీ అంకుల్! బక్రీ అంకుల్!" అని చప్పట్లు కొడుతున్నాడు. ఎన్నిసార్లు చూశారర్రా మీరు! పడటం, లేవటం, గడ్డం సర్దుకోవటం కూడా వదిన చెప్పినట్టే ఉన్నాయి. మెట్ల మీదే కూర్చుని చివరిదాకా విన్నా.

వేసవి సెలవులకి నందిగామ వెళ్తున్నాం. సిరికి జరిగినదంతా నేను చెప్తా, నా తప్పు నేను ఒప్పుకుంటా. అది మాట్లాడకపోతే పడతా. మీరు మాత్రం దానికి వాళ్ళ నాన్నని చూపించండి. సిగ్గుపడకండి, పెద్దవాళ్ళున్నారని తగ్గించకండి. పదకొండు నిమిషాలూ చెయ్యండి. రేపు మీకు పిల్లలు పుడితే వాళ్ళకీ చేసి చూపించండి, మన ఇంట్లో ఇలాంటి మనిషి ఒకడుండేవాడని చెప్పండి. ఒక్క సెకను కూడా కత్తిరించొద్దు. ఆ పని మీ అమ్మ ఒక్కతే చేసింది, వంశానికంతటికీ సరిపోతుంది.