తోడల్లుళ్లు, ఎర్రచీమలు

ఆ ఉదయం పెద్దల్లుడు నిచ్చెన కాళ్ల చుట్టూ బూడిద చల్లాడు. చీమలు నిచ్చెన మీదికి పాకకుండా రోజూ చేసే పనే. ఎక్కి, నాలుగో నారింజ చెట్టుకూ ఐదో చెట్టుకూ మధ్య ఉన్న పాత తాడు విప్పి కొత్తది కట్టాడు. దిగాక చేతిని పట్టుకున్న రెండు చీమల్ని నలపకుండా వేలితో తీసి కొమ్మ మీద వదిలాడు. "టీ తాగి మిగతావి చూస్తా" అని చెట్టు మొదట్లో కూర్చున్నాడు. టీ వచ్చేసరికి మనిషి లేడు.

చిన్నల్లుడు బాట అవతల తన చెట్లకు నీళ్లు పెడుతున్నాడు. కేక విని పరుగెత్తుకొచ్చాడు. తోడల్లుడి మొహం చూడగానే అతనికి ముందు ఏడుపు రాలేదు. పోవడం కూడా ఎంత సాఫీగా పోయాడు, ఎవరికీ బరువు కాకుండా, అనిపించింది. ఆ వెంటనే తన మీద తనకే రోత పుట్టింది. ముప్ఫై ఏళ్ల అలవాటు, ఒక్క పూటలో ఎలా పోతుంది.

ఒకే ఇంటి అక్కాచెల్లెళ్లను చేసుకుని ఇద్దరూ ఆ తోటకు వచ్చారు. మామగారికి కొడుకుల్లేరు. బాటకు ఇటు నలభై చెట్లు పెద్దతనికి, అటు నలభై చిన్నతనికి అప్పజెప్పారు. "మూడో కాపు చూసి తోట పెత్తనం ఒకరి చేతిలో పెడతాను" అన్నారు. ఆ తర్వాత ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు. చిన్నల్లుడి కడుపులో మాత్రం ఆ మాట ముల్లులా దిగింది.

పెద్దల్లుడు చెట్లకు పురుగుమందు కొట్టేవాడు కాదు. ఆకులు కుట్టి గూళ్లు కట్టుకునే ఎర్రచీమల్ని చెట్ల మీద పెంచేవాడు. ఆకు తినే గొంగళ్లను, కాయను పొడిచి రసం పీల్చే పచ్చపురుగుల్ని అవి బతకనిచ్చేవి కావు. నేల దిగే అవసరం లేకుండా అవి చెట్టు నుంచి చెట్టుకు పోవడానికే ఆ తాళ్లు. అలాగని చీమలు ఊరికే కాపలా కాసేవి కావు. ఆకుల అడుగున రసం పీల్చే పిండినల్లిని ఆవుల్లా మేపుకుని, అది కార్చే తీపిబొట్టు తాగేవి. పిండినల్లి వల్ల చెట్టుకు కొంత నష్టమే. "తాగనీవయ్యా, కూడు పెట్టకుండా ఎవరు పనిచేస్తారు" అనేవాడు పెద్దల్లుడు.

తాడు కట్టేముందు అతనికో పద్ధతి ఉండేది. ఒక చెట్టు చీమను పుల్ల మీద ఎక్కించి, పక్క చెట్టు కొమ్మ మీద దింపి, వంగి చూసేవాడు. అక్కడి చీమలు మీసాలతో తడిమి పోనిస్తే రెండు చెట్లదీ ఒకే ఇల్లు. మీద పడి కరిస్తే వేరే ఇల్లు.

"ఏంటన్నయ్యా, చుట్టరికం కలుపుతున్నావా?" అన్నాడు చిన్నల్లుడు ఒకసారి.

"కలుస్తుందో లేదో చూస్తున్నా."

"కలవకపోతే?"

"తాడు కట్టను."

"మామయ్య నన్ను కూడా ముందు పుల్ల మీద ఎక్కించి చూడాల్సింది."

కూలీలు పగలబడి నవ్వారు. పెద్దల్లుడు పుల్ల మీంచి చూపు తిప్పలేదు. ఆ తిప్పకపోవడమే చిన్నల్లుడిని మండించింది.

మూడో కాపు వచ్చింది. పెద్దల్లుడి కాయలు తుడిచి పెట్టినట్టు మెరుస్తున్నాయి. చిన్నల్లుడి కాయల మీద మచ్చలు. మామగారు బాటకు ఇటువైపే ఎక్కువసేపు నిలబడుతున్నారు. ఇంట్లో చిన్నల్లుడి భార్య అన్నం వడ్డిస్తూ, "మా బావ చెట్లు చూశారా ఈసారి?" అంది. ఆవిడ మనసులో ఏమీ లేదు. అతను కంచంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు.

మొదటి రెండేళ్లూ తను మందు కొట్టాడు, ఫలితం తొందరగా కనబడాలని. ఇప్పుడు చూస్తే తోటకు బలం ఆ చీమలే. పెద్దల్లుడు తన చెట్లన్నిటినీ తాళ్లతో కలిపాడు గానీ, బాట దాటించి ఒక్క తాడూ కట్టలేదు. కావాలనే కట్టలేదు, చీమల్ని కూడా తన దగ్గరే దాచుకుంటున్నాడు, అని చిన్నల్లుడు తీర్మానించుకున్నాడు. ఓ తెల్లవారుజామున, ఎవరూ రాకముందే, పెద్దల్లుడి చివరి చెట్టు నుంచి తన మొదటి చెట్టుకు తాడు బిగించాడు. పుల్ల పెట్టి చూడలేదు.

మధ్యాహ్నానికి తాడు ఎర్రగా మారిపోయింది. చీమలు వస్తున్నాయని మురిసి దగ్గరికెళ్లి చూస్తే, అవి ఒకదాన్నొకటి కాళ్లు పట్టి లాగుతున్నాయి. ఒక్కో చీమను నాలుగైదు చీమలు సాగదీసి పట్టుకున్నాయి. చెట్టు కింద తుప్పు రాలినట్టు శవాలు. మూడు రోజులు ఆ కొట్లాట ఆగలేదు.

పెద్దల్లుడు మొదటి రోజే వచ్చి తాడు కోశాడు. కోసినా అవి నేల మీద నడిచి వెళ్లి కొట్టుకున్నాయి. ముడి చూసి ఎవరు కట్టారో అతనికి అర్థమైంది. తాడు చుట్టి చిన్నల్లుడి చేతిలో పెట్టాడు.

"అవి వేరే ఇంటివి, తమ్ముడూ."

"ఏవి వేరే ఇంటివి? నా వైపు చీమలెక్కడున్నాయి?"

"నీ వైపు ఎనిమిది చెట్ల మీద ఉన్నాయి. కొంచెమే. మందు ఆపేశావుగా, ఇప్పుడిప్పుడే పుంజుకుంటున్నాయి." కింద రాలిన చీమల్ని చూసి అన్నాడు, "ఉన్నాయి కాదు, ఉండేవి."

ఆ ఏడాది ఇటూ అటూ కాయలు రాలాయి. చిన్నల్లుడి వైపు ఎక్కువ రాలాయి. మామగారు అడిగితే పెద్దల్లుడు, "పోట్లాడుకున్నాయి మామయ్యా, మళ్లీ పెరుగుతాయిలే" అన్నాడంతే. పెత్తనం అతని చేతికే వచ్చింది. పెద్దల్లుడు నాలుగు తిట్టి ఉంటే చిన్నల్లుడు ఆ రాత్రి హాయిగా పడుకునేవాడు. తిట్టకుండా వదిలేసినందుకు ముప్ఫై ఏళ్లు కుళ్లుకున్నాడు.

మరుసటి ఏడు పెద్దల్లుడు ఎక్కడి నుంచో కొమ్మతో సహా ఓ గూడు గోనెసంచిలో తెచ్చి, చిన్నల్లుడి వైపు లోపలి చెట్టుకు కట్టాడు. అడగలేదు, చెప్పలేదు. ఆ చీమలు పెరిగాయి. చిన్నల్లుడి వైపు బాట పక్క ఒక్క వరస మాత్రం రెండిళ్ల చీమలూ ముట్టుకోకుండా వదిలేశాయి. ఆ వరసలో కాయలు ఏటా పురుగులపాలే. దాన్ని వదులుకున్నాకే మిగతా తోట చల్లగా ఉంది. తోడల్లుళ్లు కూడా బాటకు చెరోవైపు, అవసరానికి మాట్లాడుకుంటూ ముసలివాళ్లయ్యారు.

పెద్దల్లుడు పోయిన వారానికి వదిన కబురు పెట్టింది.

"మరిదీ, మా వైపు చివరి చెట్టు కింద ఆయన గోనెపట్టా ఉంటుంది. తెచ్చిపెడతావా?"

"అక్కడెందుకుంది వదినా?"

"రోజూ అన్నం తినేది అక్కడేగా. కొమ్మలు నేలదాకా ఉంటాయి, నీకు కనబడి ఉండదు."

"చీమలు మీద పడే చెట్టు కిందా?"

"ఒళ్లంతా కుట్టించుకుని వచ్చేవారు. నువ్వు అవతల కూలీలకు చెప్పే కబుర్లు ఆ చెట్టు దాకానే వినబడతాయట. అందరూ వాడి చుట్టూనే చేరతారు, నా దగ్గరికి ఒక్కరూ రారు, అని సణుక్కునేవారు. ఇంటికొచ్చి అవే మాకు చెప్పబోయేవారు. ఒక్కటీ చివరిదాకా గుర్తుండేది కాదు."