బొట్టు పెట్టని పిలుపు

కరోనా రెండో ఏడు, లాక్‌డౌన్ సడలించాక, మా ఆయనకు డెబ్బై నిండాయి. బతుకుతెరువుకు రాష్ట్రం దాటి వచ్చి స్థిరపడ్డ పర్వత్ పాటియాలో, మా గల్లీలో ఉన్న ఆరు తెలుగు ఇళ్ళవాళ్ళనూ భోజనానికి పిలవాలనుకున్నాను. ఎప్పుడూ కుంకుమ భరిణె పట్టుకుని గడప గడపకూ వెళ్ళి, ఆడవాళ్ళకు బొట్టు పెట్టి పిలిచేదాన్ని. ఒకరి నుదురు ఒకరు ముట్టుకునే రోజులు కావని ఈసారి ఫోన్ చేశాను. అందరూ "సరే అక్కా" అన్నారు.

ఇంటికి ఇద్దరి లెక్కన పన్నెండు మంది, మేమిద్దరం. తలకు నూట యాభై గ్రాముల చొప్పున రెండు కిలోల వంద గ్రాముల బియ్యంతో బగారన్నం వండాను. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని పదకొండింటికే తలుపుకు ఎదురుగా కూర్చున్నారు. రెండు దాటినా ఎవరూ రాలేదు.

ఎదురింటామె గుమ్మంలో కనబడితే అడిగాను.

"ఏందమ్మా, గింత వండి పెట్టుకుని కూసుంటే ఒక్కరూ రాకపోతిరి?"

"అయ్యో అక్కా, నిజంగనే పిలిచినవా? బొట్టు పెట్టకపోతివి. మర్యాదకు ఫోన్ చేసినవ్ గాని, మేం రాకుంటేనే నీకు మంచిగుంటదేమో అనుకున్నం."

లోపలికి వెళ్ళి భరిణె తెచ్చి, ఆమె గడప మీద పెట్టి వెనక్కి జరిగాను. ఆమె తనే బొట్టు పెట్టుకుంది.

"అందరి ఇండ్లల్ల తినుడు అయిపోయిందక్కా. జర గిన్నెల పెట్టియ్యి, రాత్రికి తింటం."

ఆరు గిన్నెలు నింపి ఆరు గడపల్లో పెట్టి వచ్చాను. తర్వాత మా ఇద్దరికీ విస్తళ్ళు వేశాను. ఆయన తలుపు వైపు తిరిగే కూర్చుని తిన్నారు.