మామగారి రిపేరు చీటీలు

ఇంట్లో ఎవరినో ఒకరిని ఆటపట్టించకపోతే మామగారికి అన్నం సహించేది కాదు. ఆటపట్టించేవాళ్ళకు లోకంలో కరువేమీ లేదు. కానీ ఆ కార్యక్రమం ముగిశాక బాధితులకు రాతపూర్వకంగా చీటీ ఇచ్చే మనిషి, కోడలు ఎరిగినంతలో, ఆయనొక్కరే.

దీనికి మూలం ఆయన వృత్తిలో ఉంది. ఆయనది మిక్సీలు, ఫ్యాన్లు, ఇస్త్రీపెట్టెలు బాగుచేసే కొట్టు. అక్కడికొచ్చిన ప్రతి వస్తువుకూ దారంతో ఒక చీటీ కట్టేవారు. లోపం, కారణం, చేసిన పని అని అందులో మూడు గీతలు. కింద కార్బన్ కాగితం పెట్టి రాసేవారు కనక నకలు ఆయన దగ్గరే ఉండిపోయేది. ఇన్నేళ్ళ అలవాటు మీద మిక్సీలకో నీతి, మనుషులకో నీతి పాటించడం ఆయన అంతరాత్మకు ఒప్పలేదు.

కోడలు ఆస్పత్రిలో రక్తపరీక్షల లాబ్‌లో టెక్నీషియన్. ఉద్యోగంలో చేరిన మొదటిరోజు తెల్లకోటు తొడుక్కోబోతే చేతులు బయటికి రాలేదు. రెండు చేతుల చివర్లూ దారంతో శుభ్రంగా కుట్టేసి ఉన్నాయి. జేబులో చీటీ: ‘లోపం: చేతులు లేవు. కారణం: మామ. చేసిన పని: కత్తెర రెండో జేబులో ఉన్నది.’ పళ్ళు నూరుతూ కుట్లు విప్పి, ఆ ఊపులోనే మొదటి రోగికి సూది గుచ్చింది. గుచ్చాక గాని ఆమెకు తోచలేదు, చెయ్యి వణకలేదని.

సాయంత్రం ఇంటికొచ్చి నిలదీసింది.

“ఎందుకు చేశారు మామయ్యా?”

“ఏంటమ్మాయ్, కుట్టు బాలేదా?”

“కుట్టు బానే ఉంది. ఎందుకూ అని అడుగుతున్నా.”

“చీటీలో రాశాగా. కారణం: మామ.”

అంతకుమించి ఒక్క ముక్క రాబట్టలేకపోయింది. చుక్క రక్తం దొరికితే మనిషి గుట్టంతా విప్పగల కోడలికి, రోజూ ఎదురుగా కూర్చుని మజ్జిగ తాగే మనిషి అంతుపట్టకపోవడం అవమానంగా తోచింది. ఆయన పాత కేసులన్నీ ఆరా తీసింది. కొడుకు డ్రైవింగ్ టెస్టుకు బయల్దేరిన పొద్దున ఇంట్లో ఉన్న మూడు జతల్లోనూ కుడికాలి బూట్లు మాయమయ్యాయట. అత్తగారు పన్ను పీకించుకోడానికి కుర్చీలో నోరు తెరిచిన క్షణాన ఆమె సంచీలో ఫోను మోగి గాడిద ఓండ్రించిందట. డాక్టరు చేతిలోని పట్టకారు కింద పడిందట.

“మరి మీరేం చేశారత్తయ్యా?”

“ఏం చేస్తాను? పన్ను పోయిన నోటితోనే తిట్టా. సగం తిట్లు గాలికే పోయాయి.”

అత్తగారు అదే ఆస్పత్రిలో ఫోన్ల టేబుల్ దగ్గర ఇరవై రెండేళ్ళుగా పని చేస్తోంది. గొంతు వినగానే ఎవరికి కలపాలో, ఎవర్ని ముందు ఊరడించాలో చెప్పగల మనిషి. ఇంట్లో ఆమె తిట్లకు ఒక పద్ధతి ఉండేది. మొదట మామగారి తెలివిని, తర్వాత ఆయన చదువుని, చివర్న ఆయన్ని ఏరికోరి అల్లుడిగా తెచ్చిన తన తండ్రిని. మూడో అంకం చేరిందంటే కోపం తీరినట్టే.

ఇలా ఉండగా ఒక ఆదివారం వచ్చింది.

ఆ మధ్యాహ్నం మామగారు మహా సన్నాహం చేశారు. టీవీ గొంతు నొక్కారు, గోడగడియారం బ్యాటరీ తీశారు, ఫ్యాను ఆపారు. కొడుకునీ కోడల్నీ కూర్చోబెట్టి తర్ఫీదిచ్చారు. అత్తగారు వడ్డించడానికి రాగానే ముగ్గురూ పెదవులు మాత్రమే కదపాలి, చప్పుడు రాకూడదు.

“పాపం కదా నాన్నా,” అన్నాడు కొడుకు.

“ఒక్క నిమిషంరా. ఎలా తిడుతుందో చూద్దువుగాని.”

అత్తగారు గరిటెతో వచ్చింది. మామగారు కూర చూపిస్తూ పెదవులాడించారు. కొడుకు నీళ్ళు అడిగినట్టు ఆడించాడు. చెప్పుకోవడానికి సిగ్గుచేటు, కోడలు కూడా ఆడించింది.

అత్తగారి మొహంలో నెత్తురు చుక్క లేదు. ఒక్కో నోటి వంకా మార్చిమార్చి చూసింది. కుడిచెవి మీద అరచెయ్యి వేసి తీసింది. తర్వాత గరిటెతో కంచం అంచు మీద కొట్టింది. ఠంగుమంది. ఆ చప్పుడు విన్నాక ఆమెకు సంగతి అర్థమైంది. పగలబడి నవ్వుతూ మామగారు చీటీ అందించారు. ‘లోపం: చెవులు. కారణం: భర్త. చేసిన పని: ఏమీ అక్కర్లేదు, భేషుగ్గా ఉన్నాయి.’

ఆమె చీటీ చదివింది, మడిచింది, గరిటె పక్కన పెట్టింది, గదిలోకెళ్ళి తలుపు వేసుకుంది.

“తిట్టలేదేంట్రా?” అన్నారు మామగారు.

కాసేపటికి తలుపు కిందనుంచి అదే చీటీ బయటికొచ్చింది. వెనకవైపు అత్తగారి అక్షరాలు. ‘లోపం: ఎడమచెవి మూడు నెలలుగా వినపడదు. కుడిది కూడా తగ్గుతోంది. కారణం: తెలియదు. చేసిన పని: రోజూ భయపడటం. ఇక నవ్వుకోండి.’

మామగారు ఆ చీటీ పట్టుకుని కూర్చున్నారు. అన్నం చల్లారిపోయింది. గడియారంలో బ్యాటరీ వెయ్యాలని కూడా ఎవరికీ తోచలేదు.

మర్నాడు అత్తగారు సెలవు పెట్టింది. మామగారితో మాట మానేసింది. ఇంట్లో బూట్లు జతలు జతలుగా కనబడసాగాయి. అంత క్రమశిక్షణ చూసేసరికి కొడుక్కి దిగులు పట్టుకుంది.

మూడోరోజు కోడలు కొట్టుకి భోజనం పట్టుకెళ్ళింది. మామగారు ఎవరిదో ఫ్యాను బిగించడానికి వెళ్ళారు. బల్ల కింద ‘ఇల్లు’ అని రాసిన అట్టపెట్టె కనబడింది. మామగారి పెట్టె తెరవడం తప్పని ఆమెకు తెలుసు. కాని అప్పటికే తెరిచేసింది.

లోపల ఇంట్లోవాళ్ళ చీటీల కార్బన్ నకళ్ళు. ఒక్కొక్కదాని వెనకా పెన్సిల్‌తో ఒక ముక్క. ఆమె కోటుది: ‘మొదటి రోజు. నిన్నటినుంచి పిల్ల అన్నం ముట్టలేదు.’ బూట్లది: ‘మూడోసారి టెస్టు. వీడి అరచేతులు తడిసిపోతున్నాయి.’ గాడిదది: ‘పన్ను పీకుడు. నిన్న రెండు గ్లాసులు జారవిడిచింది.’ పెట్టె అడుగుదాకా ఇదే వరస. ఎవరికి గుండెలు దడదడలాడుతున్నా, ఈ మహానుభావుడు వాళ్ళకు కోపం తెప్పించి పంపేవారు. కోపంలో ఉన్న మనిషికి భయపడే తీరికుండదని ఆయన సిద్ధాంతం కాబోలు.

ఆదివారం నాటి చీటీ అన్నింటికన్నా పైనుంది. దాని వెనక ఒకే ఒక్క మాట. ‘ఊరికే.’

అన్నేళ్ళలో కారణం లేకుండా చేసింది అదొక్కటే. అది ఆయనకు తెలియని భయం మీదే వెళ్ళి తగిలింది.

కోడలు ఆ పెట్టెను అత్తగారి ముందు పెట్టింది. ఆమె నాలుగు చీటీలు తిరగేసి పక్కన పెట్టేసింది.

“ఇవన్నీ నాకు తెలుసమ్మాయ్. గాడిద రోజే కనిపెట్టా.”

“మరింకేం అత్తయ్యా?”

“ఏంటి ఇంకేం? మీ లాబ్‌లో ఎవరొస్తే వాళ్ళని అడక్కుండానే పొడిచేస్తారా?”

“లేదు. పేరడుగుతాం, ఏ చెయ్యి అనడుగుతాం...”

“అదే. మూడు నెలలుగా ఎడమపక్క పిలిస్తే పలకట్లేదు నేను. ఏమైందే అని ఒక్కమాట అడగొచ్చుగా మీ మామగారు?”

అదే సాయంత్రం కోడలు ఆమెను చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. పరీక్షలయ్యాక రెండు చెవులకూ చిన్న మిషన్లు అమర్చారు. జుట్టు కింద పెడితే ఎవరికీ కనబడవు. బయటికి రాగానే అత్తగారు రోడ్డు మధ్య ఆగిపోయింది.

“నా చెప్పులు చప్పుడు చేస్తున్నాయే!” అని మురిసిపోయింది. మరుక్షణం కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది. “మీ మామగారికి మాత్రం చెప్పకు.”

మర్నాటినుంచి వంటింట్లో ఒక విచిత్రం మొదలైంది. అత్తగారు పొయ్యివైపు తిరిగి ఉండగా, మామగారు వెనక ఎడమపక్కన నిలబడి, ఎలాగూ వినపడదన్న ధీమాతో క్షమాపణ సాధన చేసేవారు. మొదటి రోజు: “గౌరవనీయులైన కస్టమరుగారికి, మా వల్ల జరిగిన అసౌకర్యానికి...” అని ఆగి, “ఛ, బాలేదు,” అని వెళ్ళిపోయారు. రెండోరోజు తన మీద తనే ఫిర్యాదు చదివారు. మూడోరోజు వట్టి చేతులతో వచ్చారు. “మీరెవరైనా బెదిరితే నాకు చేతులాడవే. ఏం చెప్పాలో రాదు. తిట్టించుకోవడమొక్కటే వచ్చు,” అన్నారు. తర్వాత, “ఏమైందే అని అడగాల్సింది,” అన్నారు. అత్తగారు ఉల్లిపాయలు తరుగుతోంది. గుమ్మం చాటునున్న కోడలికి ఆ కళ్ళనీళ్ళు ఉల్లిపాయలవో కావో తేలలేదు.

సెలవు అయిపోయింది. ఆ పొద్దున అత్తగారు పెట్టిన సంచీ పెట్టినచోట ఉంచకుండా సర్దుతోంది. మిషన్లు పెట్టుకుని అన్ని ఫోన్లు ఎత్తగలనా అన్నది ఆమె బెంగ. మామగారు ఎదురుగా వచ్చి, చేతులు నోటి దగ్గర దొన్నెలా పెట్టి, వీధి చివరికి వినబడేలా అరిచారు.

“ఏ-మై-నా... భ-య-మా?”

“అరవకండి. నాలుగు రోజులుగా అన్నీ వింటూనే ఉన్నా.”

మామగారు నోరు తెరిచి మూయడం మరిచారు.

“మొన్నటిది బాగుంది,” అంది అత్తగారు. “గౌరవనీయులైన కస్టమరు మాత్రం తీసేయండి.” ఆయన చొక్కా బొత్తానికి దారంతో ఒక చీటీ కట్టింది. ‘లోపం: అడగకుండా ఆటపట్టించుట. కారణం: తెలిసినదే. చేసిన పని: సగం. మిగతాది సాయంత్రం.’

చెప్పుల దగ్గరికెళ్ళి చూసింది. ఎడమదీ కుడిదీ బుద్ధిగా ఉన్నాయి.

“ఏంటి, ఇవాళ ఏమీ లేదా?” అంది, కాస్త నిరాశగానే. “నాకు భయమేస్తోంది మరి.”

“వద్దన్నావుగా.”

“అడక్కుండా వద్దన్నా.”

“అయితే అడుగుతున్నా. ఒకటి చెయ్యనా?”

“చెయ్యండి.”

మామగారు వంటింట్లోకెళ్ళి ఆమె టిఫిన్ డబ్బా చేతిలో పెట్టారు. “మధ్యాహ్నం దాకా తెరవకు,” అన్నారు గంభీరంగా.

బస్సులో దారిపొడుగునా అత్తగారు కోడల్ని కుదురుగా కూర్చోనివ్వలేదు. “ఊపితే చప్పుడు రావట్లేదే. కప్పంటావా?” “కప్ప ఊరుకోదత్తయ్యా.” “దూదా?” ఆస్పత్రి మెట్లెక్కుతూ దూదిని కొట్టేసి స్ప్రింగు దగ్గరికొచ్చింది. టేబుల్ దగ్గర కూర్చుని, ఒళ్ళో డబ్బా పెట్టుకుని, అనుమానంగా దాని మూత వంక చూస్తుండగా మొదటి ఫోను మోగింది. చూపు తిప్పకుండానే ఎత్తి, విని, పిల్లల వార్డుకి కలిపేసింది. ఆ తర్వాత ఎన్ని ఫోన్లు వచ్చాయో ఆమెకే తెలియదు.

మధ్యాహ్నం కోడలు లాబ్ నుంచి పరుగెత్తుకొచ్చింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టి మూత తీశారు.

అన్నం. కూర. రోజూ ఉండేవే. పైన మడిచిన చీటీ.

‘లోపం: భయం. కారణం: అడిగి తెలుసుకోబడినది. చేసిన పని: ఏమీ లేదు. పొద్దుటినుంచి ఇందులో ఏముందోనని ఆలోచించావు కదా, అదే.’

అత్తగారు చీటీ రెండుసార్లు చదివింది. ఫోను దగ్గరికి లాక్కుని కొట్టు నంబరు నొక్కింది. ముందు ఆయన తెలివిని, తర్వాత చదువుని తిట్టింది. మూడో అంకంలో తండ్రిని ఎత్తుకునేసరికి అవతల మామగారి నవ్వు కోడలికి కూడా వినబడింది.

“కాస్త మెల్లిగా నవ్వండి,” అంది అత్తగారు. “చెవులు పనిచేస్తున్నాయి.”