పోస్టక్క దాచిన బట్వాడా పుస్తకాలు

నెల్లూరులో మా రికార్డు గదిలో నిన్న ఒక పాత కట్ట విప్పాను. గుడ్డ ముడి వదులు కాగానే ఎండిన బురద, జిగురు, ఉప్పుగాలికి మాగిన కాగితం, అన్నీ కలిసిన వాసన గుప్పున కొట్టింది. పక్క సీటులో ఉండే సునీత తుమ్ముతూ కిటికీ తెరవబోయింది. "కాసేపు ఉండనివ్వు" అన్నాను. అవి పులికాట్ సరస్సు ఒడ్డు పల్లెల తపాలా పుస్తకాలు. ఏ ఉత్తరం ఏ రోజు ఎవరికి అందిందో, అందకపోతే ఎందుకు అందలేదో రాసిపెట్టిన బట్వాడా పుస్తకాలు. జిల్లా తపాలా చరిత్ర మీద ఒక చిన్న ప్రదర్శన పెడుతున్నారు. దానికోసం వీటికి జాబితా రాసే పని నాది. కానీ నిన్న చాలాసేపు నేనేమీ రాయలేదు. రమణమ్మక్క గుర్తొచ్చి అలా కూర్చుండిపోయాను.

ఆమె దొరవారిసత్రం అవతల, సరస్సు ఒడ్డున ఒక పల్లెలో పోస్టుమాస్టరు. వరి పండించే ఇంటి కోడలు. ఇంటి ముందు గదే పోస్టాఫీసు. ఊరంతా ఆమెను పోస్టక్క అనేవాళ్ళు. ఇరవై రెండేళ్ళ వయసులో నేను అక్కడ ఉత్తరాలు పంచే ఉద్యోగంలో చేరాను. మొదటి రోజు నా కొత్త సైకిలు వైపు చూసి, "బాగుండాది మే. కాకపోతే ఈ బురదలో అది నిన్ను మొయ్యదు, నువ్వే దాన్ని మొయ్యాల" అని నవ్వింది. మధ్యాహ్నం తిరిగి వచ్చేసరికి చెంబుతో మజ్జిగ పట్టుకుని గడపలో నిలబడి ఉండేది. "ముందు తాగు. ఊళ్ళో సంగతులు ఆనక చెబుదువు" అనేది. అలా నాలుగు నెలలు గడిచాయి.

ఆ ఎండాకాలం గోవిందమ్మ కూతురి పేరున రిజిస్టరు ఉత్తరం వచ్చింది. గోవిందమ్మ చేపలు పట్టి బతికే మనిషి. ఆమె ఉండే కుప్పానికి, అంటే జాలరుల పల్లెకి, చేరాలంటే సగం ఇంకిన సరస్సులో మోకాటి లోతు బురద దాటాలి. ఆ రోజు నాకు ఒళ్ళు బరువుగా ఉంది. ఒడ్డు దాకా వెళ్ళి, బురదను చూసి, వెనక్కి తిరిగాను. పుస్తకంలో "ఇంటికి తాళం వేసి ఉంది" అని రాసేశాను.

రమణమ్మక్క కళ్ళద్దాలు సర్దుకుని ఆ వరుస చదివింది. మళ్ళీ చదివింది.

"గోవిందమ్మ ఇంటికి తడికే గదా ఉండేది. తాళం ఎప్పుడు వేయించుకునింది?" అంది.

ఆమె అరవలేదు. మర్నాడు పొద్దున్నే చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, "పద, తాళం చూసొద్దాం" అని బయల్దేరింది. యాభై ఏళ్ళు దాటిన మనిషి నా ముందు బురదలో నడుస్తుంటే సిగ్గుతో తలెత్తలేకపోయాను. ఆ ఉత్తరంలో నర్సింగు సీటు వచ్చినట్టు, మూడు రోజుల్లో వచ్చి చేరమని ఉంది. కూతురు చదివి వినిపించగానే గోవిందమ్మ నా రెండు చేతులూ పట్టుకుని, "నీ కడుపు చల్లగుండ, మా కోసరం ఇంత దూరం నడిచొచ్చినావు" అని ఏడ్చింది. రమణమ్మక్క నా వైపు చూడనైనా చూడలేదు. అది ఆమె దయ.

ఆఫీసుకు వచ్చాక పుస్తకం నా ముందు పెట్టింది. ఆ పేజీ చించేయమంటుందేమో అనుకున్నాను. "చించబాక. కొట్టేసి కింద నిజం రాయి" అంది. "నిన్న వెళ్ళలేదు. తప్పు రాశాను. ఈ రోజు అందజేశాను" అని రాసి సంతకం చేశాను.

తర్వాత ఆమె ఇనప పెట్టె తెరిచి, నేను పుట్టకముందటి పుస్తకం ఒకటి తీసింది. అందులో ఎవరో తపాలా మోసే మనిషి వంకర అక్షరాలతో రాసుకున్నాడు: "నీళ్ళు పెరిగినవి. సంచి తల మీద పెట్టుకుని దాటితిని. కాలు జారినది. రెండు ఉత్తరములు తడిసినవి. తప్పు నాదే."

"ఈయన్ని నువ్వూ చూడలేదు, నేనూ చూడలేదు. అయినా ఈయన చెప్పింది నమ్ముతా ఉండామా లేదా?" అని అడిగింది రమణమ్మక్క. "రేపు నిన్ను కూడా ఎవురో ఒకరు ఇట్టానే నమ్ముతారు మే."

కొన్నేళ్ళకు పాత పుస్తకాలు తీసేయమని పైనుంచి కబురొచ్చింది. తీసేయడమంటే చిత్తు కాగితంగా పోవడమే. ఆమె ఆ ఇనప పెట్టెను బస్సెక్కించి, నన్ను తోడు తీసుకుని నెల్లూరు వచ్చింది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఇదే ఆఫీసు వరండాలో పెట్టె మీదే కూర్చుంది. చివరకు ఒక అధికారి బయటికి వచ్చి, "ఇందులో ఏముందమ్మా అంత?" అని విసుక్కున్నాడు.

"కుప్పాల పేర్లుండాయి సార్. వాటిల్లో కొన్ని ఇప్పుడు నీళ్ళలో కలిసిపోయినాయి. ఇంక యాడా రాసి లేవు" అంది.

ఆయన లోపలికి వెళ్ళి ఒక బీరువా ఖాళీ చేయించాడు. నేను ఈ గదికి ఉద్యోగం మార్పించుకున్నది ఆ బీరువా కోసమే. రమణమ్మక్క పోయి రెండేళ్ళయింది. చివరిసారి చూడబోయినప్పుడు కూడా తన ఆరోగ్యం సంగతి ఎత్తనివ్వలేదు. "పురుగు పట్టకుండా వేపాకు పెడతా ఉండావా?" అనే అడిగింది.

ఈ రోజు మధ్యాహ్నం ముత్తుకూరు నుంచి ఒక ముసలావిడ మా గదికి వచ్చింది. ప్రదర్శన సంగతి మనవడు చెప్పాడట. చిన్నప్పుడు తాము ఉన్న కుప్పం ఇప్పుడు లేదంది. "మా నాయన ఊరు ఇందులో ఉండాదేమో చూడు తల్లీ" అని పేరు చెప్పింది. చేతిలో ఉన్న పుస్తకమంతా వెతికాను. లేదు. ఆమె కళ్ళు చూస్తే, దగ్గరగా వినిపించే పేరేదైనా చూపించి ఇదేనని చెప్పేయాలనిపించింది. ఆమెకు చదువు రాదు కూడా.

"ఈ పుస్తకంలో లేదమ్మా" అన్నాను. "ఇంకా పదకొండు ఉన్నాయి. అన్నీ చూసి చెబుతాను."

ఆమె మనవడి ఫోను నంబరు రాసుకున్నాను. ఆఫీసు మూసే లోపు ఏడు చూశాను. ఇంకా నాలుగున్నాయి.